చెప్పకుండా వచ్చేసిన ఇల్లు: నా వినుకొండ ప్రయాణం

కరుణా నేనూ గుంటూరులో ఏళ్ళ తరబడి ఒకే బడిలో పాఠాలు చెబుతున్నాం. జీతాల గురించీ అత్తగార్ల గురించీ దాపరికం లేదు. దేవుడి మాట వస్తే మాత్రం ఇద్దరం చటుక్కున కూర రుచి మీదికి వెళ్ళిపోతాం. వాళ్ళు క్రైస్తవులు. నా నోట ఏ మాట జారితే ఆమె మనసు నొచ్చుకుంటుందో అని నాకు భయం. అలాంటిది వినుకొండ దగ్గర పల్లెలో ఉండే వాళ్ళ నాన్న పోయాక, "ఆదరణ కూడికకి నువ్వు తప్పకుండా రావాలే" అని పిలిచింది. పోయినవారిని తలుచుకుని, ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పే ప్రార్థన అది. వెళ్ళకుండా ఉండలేను, వెళ్ళాలంటే గుబులు.

పొద్దున్నే గుంటూరులో ప్యాసింజర్ ఎక్కితే నల్లపాడు, నరసరావుపేట మీదుగా ఎండెక్కే వేళకి వినుకొండలో దిగొచ్చు. టికెట్ ఖర్చు లెక్కలోకి రాదు. అక్కణ్ణుంచి వాళ్ళ ఊరికి రానూపోనూ ఆటో మూడొందలకి మాట్లాడుకున్నాను. మిరప కోతల రోజులు. దారి పొడవునా కల్లాల్లో కాయలు ఆరబోశారు, ఆ ఘాటుకి ఒకటే తుమ్ములు.

"తమరు చర్చి వాళ్ళాండీ?" అన్నాడు డ్రైవరు.

"కాదండీ. అక్కడ ఏం చెయ్యాలో కూడా తెలీదు."

"ఏవుందమ్మా, అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. నేనట్టాగే చేస్తా."

షామియానా కింద అలాగే చేశాను. కరుణ వాళ్ళమ్మ "వందనాలమ్మా" అంటే నేనూ "వందనాలండీ" అన్నాను. పాటలయ్యాయి, ప్రార్థన అయింది, భోజనం చేశాను. ఎవరూ నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను. చావు జరిగిన ఇంట్లో మావాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. అలాగే చడీచప్పుడు లేకుండా వచ్చి ఆటో ఎక్కేశాను.

ఊరు దాటకముందే కరుణ ఫోన్.

"మా ప్రార్థన నచ్చలేదా? ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయావేం? ఏం తప్పు జరిగిందో అని అమ్మ ఒకటే బాధపడుతోంది."

"అయ్యో, కాదే! చావింట్లో వెళ్ళొస్తానంటే మళ్ళీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని మాలో చెప్పరు."

"నాకు తెలీదే. మా ఇంట్లో చెప్పే వెళ్తారు. వెనక్కి రా."

ఆటో తిప్పించాను. వాళ్ళమ్మ చేతులు పట్టుకుని "వెళ్ళొస్తానండీ" అన్నాను. ఆ మాట అంత కష్టంగా ఎప్పుడూ రాలేదు. ఆవిడ ముఖం తేటపడింది. కరుణ గేటుదాకా వచ్చింది. ఎలా వచ్చిందో ధైర్యం, అడిగేశాను.

"నాన్నని మళ్ళీ చూస్తానని నిజంగా నమ్ముతావా?"

"పాట పాడినంతసేపూ నమ్ముతా. ఆయన మంచం చూస్తే నమ్మలేను," అంది. "పోయినవాళ్ళు ఎక్కడుంటారంటారే మీరు?"

మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇదే అడిగానని, ఎవరు చెప్పిందీ నాకు సరిపోలేదని చెప్పాను. ఇద్దరం అక్కడే నిలబడి ఏడ్చాం.

తిరుగు రైలు తప్పిపోయింది. నరసరావుపేట దాకా బస్సులో నిలబడే వచ్చాను, అయినా చాలా తేలిగ్గా ఉంది. మీరూ ఇలాంటి కూడికకి వెళ్తుంటే, వెళ్ళొస్తానని చెప్పాలా వద్దా అని ఇంటివాళ్ళనే ముందుగా అడగండి. అడిగితే నొచ్చుకుంటారేమో అనుకుంటాం. కరుణ వాళ్ళమ్మ నొచ్చుకున్నది నేను అడగకుండా వచ్చేసినందుకే.