పలకల మీద పరిచిన బండి

నేను పలక పట్టుకొని బడికి పోయే రోజుల్లో మా ఇంట్లో ఎటు చూసినా పలకలే... నీళ్ల కుండ మీద మూతగా పలక, పొయ్యికి గాలి తగలకుండా అడ్డంగా పలక, గూట్లో దీపం బుడ్డి కింద పలక. నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కోతపని చేసేవాడు. మూల విరిగినవి, బీట వారినవి సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చేవాడు. మాది కొనకనమిట్ల దగ్గర చిన్న ఊరు.

ఒకరోజు నాయన పలకలకు బదులు పాత మోటార్ సైకిల్ తెచ్చాడు. నడుపుకుంటూ వచ్చాడనుకునేరు... ట్రాక్టర్లో వేసుకొని వచ్చాడు!

అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇదేందయ్యా! పాత సామాన్లోడికి వేయాల్సిందాన్ని ఇంటికి తెచ్చినావు?"

"నిన్ను మీ అమ్మ దగ్గరికి తీసుకపోవాల గదా, అందుకే తెచ్చినా" అన్నాడు నాయన.

అమ్మ కొంగుతో దాని సీటు మీద దుమ్ము తుడిచింది.

మా అమ్మమ్మది అర్ధవీడు పక్కన పల్లె. అప్పటికే మంచాన పడింది. అమ్మకేమో మా ఊరి ఫ్లోరైడు నీళ్ల పుణ్యమా అని మోకాళ్లు బిగుసుకుపోయాయి. బస్సు మెట్టు ఎక్కలేదు... బస్సులు మారి, దిగాక ఆ రాళ్లదారిలో నడవలేదు. గొర్రెలు తోలుకొని అటు నుంచి వచ్చే ఒక మామ, "అక్కా, పెద్దమ్మ నీ పేరే కలవరిస్తా ఉంది" అని చెప్పి పోయేవాడు. ఆ పూట అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు.

నాయనకు బండి పని ఓనమాలు కూడా తెలియవు. మెకానిక్కు చూసి, "ఇది పాతినుము కింద కాటాకు వేసుకో అన్నా" అన్నాడట. దాంతో నాయనకు పంతం పట్టింది. ఫ్యాక్టరీ నుంచి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా పానా పట్టేవాడు.

విప్పిన సామాను కలిసిపోకూడదని ఆయన కనిపెట్టిన ఉపాయం పలకలే. వసారాలో వరసగా పలకలు పరిచి, ఒక్కో పలక మీద ఒక్కో చోట విప్పిన సామాను కిరసనాయిలుతో కడిగి పెట్టేవాడు. రాత నాదే. ఆయన చెప్తుంటే నేను బలపంతో రాసేదాన్ని... "కుడి పక్క, కింద, పొడుగు బోల్టు"... "చిన్న స్ప్రింగు, దీని పేరు తెలీదు". పేరు తెలియనివే ఎక్కువ! వసారా అంతా బండే. మేం అంచు పట్టుకొని నడిచేవాళ్లం.

ఆ ఏడు కార్తె తర్వాత కార్తె పోయింది గానీ చినుకు లేదు, మాకున్న కాస్త చేను బీడుగానే ఉంది. చర్చిలో ప్రతి ఆదివారం వాన కోసమే ప్రార్థన.

వచ్చింది వాన... ఒక మధ్యాహ్నం, ఎదురుగాలితో. నేను బళ్లో, నాయన పనిలో. అమ్మ వసారాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. జల్లు పలకల మీద పడుతుంటే లేవబోయింది. మోకాళ్లు లేవనిస్తే కదా... చేతికందిన పలకలు మాత్రం పక్కకు లాగింది.

నాయన తడుస్తూ, నవ్వుతూ వచ్చాడు. "స్తోత్రం దేవా! కంది వేయొచ్చు మే!" అన్నాడు. తర్వాత వసారా చూశాడు. నా అక్షరాలన్నీ తెల్లనీళ్లయి కారిపోయాయి. చిన్న చిన్న వాషర్లు వాకిట్లో బురదలోకి కొట్టుకుపోయాయి. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. బడి నుంచి వచ్చి నేను జల్లెడ తెచ్చి బురద జల్లించాను... దొరికినన్ని దొరికాయి.

ఇక అక్కడి నుంచి అంతా అంచనాయే. బిగించడం, కిక్ కొట్టడం, మళ్లీ విప్పడం. అన్నీ బిగించాక కూడా చేతిలో రెండు నట్లు మిగిలేవి. "ఎందాకా వచ్చిందయ్యా?" అని అమ్మ రోజూ అడిగేది. "వస్తాంది, వస్తాంది" అనేవాడు నాయన.

చివరికి ఒకరోజు గుప్పున పొగ కక్కి మోగింది చూడండీ... వీధి వీధంతా మా ఇంటి ముందే! అమ్మ ఆ పూటే నువ్వులు వేయించి, బెల్లం వేసి మెత్తగా దంచింది, పళ్లు లేని అమ్మమ్మ కోసం. కానీ నాయన ఒప్పుకోలేదు. "రెండ్రోజులు ఆగు. కనిగిరి దాకా పోయి చూసి వస్తా. నిన్ను ఎక్కించుకొని నడిమధ్యలో ఆగిపోతే ఎట్ల?" అన్నాడు.

ఆ రెండ్రోజుల్లోనే కబురు వచ్చింది... అమ్మమ్మ పోయింది.

నాయన బండి దగ్గర తల పట్టుకొని కూలబడ్డాడు. అమ్మే కళ్లు తుడుచుకొని, "లెయ్యి, బండి తియ్యి. మట్టిలో పెట్టకముందన్నా చూడనీ" అంది. బండిని అరుగుకు ఆనించి అమ్మను పక్కవాటుగా కూర్చోబెట్టాడు. నేను ముందు ట్యాంకు మీద. నువ్వుల మూట అమ్మ ఒళ్లోనే ఉంది.

ఆ మాయదారి బండి దారిలో ఒక్కచోట కూడా ఆగలేదు. కంభం దాటి అట్లా దూసుకుపోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పరుగేదో మొన్న పరిగెత్తొచ్చు కదా అని... ఇంజను వేడికి చేతులు కాలకుండా ఉంటే దాన్ని అక్కడే కొట్టేదాన్ని.

అమ్మ తన తల్లి మొహం చూసుకుంది. సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆ నువ్వుల ముద్దలు అక్కడి పిల్లలకు పంచింది.

తిరిగొచ్చేటప్పుడు నాయన, "ఆ పాడు వాన పడకుంటే నెల ముందే తెచ్చేవాణ్ణి గదా నిన్ను" అని గట్టిగా ఏడ్చాడు. అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "వాననేమనొద్దయ్యా... మా అమ్మ గూడా మంచంలోంచి మబ్బుల దిక్కే చూస్తా ఉన్నిందంట."

ఇప్పుడు మా వీధిలో బండి లేని ఇల్లు లేదు. బటన్ నొక్కితే చాలు, స్టార్ట్. ఆ పల్లె దాకా తారురోడ్డు పడింది, పొద్దున పోయి అన్నం వేళకు తిరిగి రావచ్చు. అమ్మా లేదు, నాయనా లేడు... అక్కడ మా కోసం దారి చూసేవాళ్లూ లేరు.

మీ ఇంటికి వచ్చిన మొదటి బండి ఎవరి కోసం వచ్చింది? వాళ్లు దాన్ని సంతోషంగా ఎక్కారా? ఎక్కి ఉంటే చెప్పండి... చదవాలని ఉంది.