గ్లిమర్ దగ్గర ఆగిపోయిన నిఘంటువు

మా మాస్టారు కళ్ళారా చూడనిదే ఒక్క వాక్యం రాసేవారు కాదు. ఆయన పని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో మాటలకి ఉదాహరణలు రాయడం. ‘గార్గిల్’ కోసం వాష్‌బేసిన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ వారం ఆఫీసులో ఎవరూ నోరు పుక్కిలించలేదు. ‘గాడ్’ దగ్గరికొచ్చేసరికి ఆ కాగితం నా బల్ల మీదికి తోసేశారు.

అలాంటి మనిషి ‘గ్లిమర్’ దగ్గర మూడు నెలలు ఆగిపోయారు. జీ సంపుటంలో మిగతా పనంతా అయిపోయింది.

మేనేజరు ప్రతి సోమవారం వచ్చేవారు. “మసకగా, ఉండీ లేనట్టు వెలగడం. అర్థం రాశారు కదా. ఉదాహరణకేం వచ్చింది మాస్టారూ?”

“తళతళ గిన్నెది, నిగనిగ జుట్టుది, ధగధగ నగది. మినుకుమినుకు ఎవరిదో తేలాలి కదండీ.”

“నక్షత్రానిదని రాసి పారెయ్యండి.”

“మబ్బు పట్టింది.”

“మబ్బు విడిచి నాలుగు రోజులైంది.”

“చూశాను. అది ట్వింకిల్. టీ సంపుటంలో వస్తుంది.”

గ్లిమర్‌ని ఆశకి కూడా వాడతారని మాస్టారు ఆఫీసంతా తిరిగి వాకబు చేశారు. “మీకు చివరిసారి ఆశ ఎప్పుడు కనిపించింది?” అని గుమాస్తాని నిలేశారు.

“ప్రమోషన్ల లిస్టు వచ్చిన రోజునండీ.”

“మసగ్గానా?”

“లేదండీ. పూర్తిగా కనిపించి, పూర్తిగా పోయింది.”

“అయితే పనికిరాదు,” అని వెళ్ళిపోయారు. గుమాస్తా ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మా ఆఫీసులో అందరూ ప్రూఫక్కయ్య అని పిలిచే ఆవిడ ఉండేవారు. అచ్చుతప్పుని వాసనతో పట్టేసే మనిషి. రెండేళ్ళుగా కళ్ళలో శుక్లాలు ముదిరి, కాగితం ముక్కుకి ఆనించుకుని చదివేవారు. ఒకరోజు నాతో అన్నారు, “చదువు పోతే పోయిందనుకో. ఇదివరకు పని నుంచి వెళ్తుంటే వీధి మొదట్లోంచే మా కిటికీలో దీపం కనిపించేది. నా కోసమే మా అత్తగారు పెడతారు. ఇప్పుడు గుమ్మం ఎక్కితేగాని కనిపించదు. అది ఒక్కసారి వీధి మొదట్లోంచి చూస్తే చాలమ్మా.” ఆ మర్నాటి నుంచే ఆపరేషన్‌కి సెలవు పెట్టారు. ఒక కన్ను అయ్యాక రెండోది, మొత్తం మూడు నెలలు.

మా ఆఫీసులో ఒక పాపిష్టి రూలుంది. సంపుటం ముగిసిన రోజున కుర్చీలో ఉన్నవాళ్ళకే తర్వాతి సంపుటంలో పని. సెలవులో ఉన్నవాళ్ళకి శాలువా.

ఆ సెలవునీ ఈ రూలునీ కలిపి చూడాలని నాకు చాలాకాలం తట్టలేదు. ఎమ్మే చదివాను మరి. ఒకరోజు గుండుసూది కోసం మాస్టారి సొరుగు లాగితే, గ్లిమర్‌కి పదకొండు ఉదాహరణలు కనిపించాయి. తెర వెనక కొవ్వొత్తి, వానలో సైకిల్ లైటు, గుంటలో నీళ్ళు. అన్నీ చూసి రాసినవే. కింద తేదీలన్నీ గ్లిమర్ మొదలుపెట్టిన వారంవే.

“ఇదేమిటి మాస్టారూ?”

“గుండుసూదులు పై సొరుగులో ఉంటాయి,” అన్నారు, తలెత్తకుండా.

ప్రూఫక్కయ్య ఒక బుధవారం కొత్త కళ్ళద్దాలతో వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మాస్టారి బల్ల దగ్గరికి నడిచారు.

“నిన్న సాయంత్రం కనిపించిందండీ. వీధి మొదట్లోంచి.”

మాస్టారు కలం మూత తీశారు. “వెలిగిందా? మెరిసిందా?”

“మినుకుమంది.”

“దీపమా, మీ కళ్ళలో నీళ్ళా?”

“మా వాకిట్లో చెట్టుందండీ. ఆకులు కదిలినప్పుడల్లా దాక్కుని మళ్ళీ వస్తోంది. నీళ్ళ సంగతి నన్నడక్కండి.”

మాస్టారు రాసేశారు. ‘వీధి మొదట్లోంచి చూస్తే మా కిటికీలో దీపం మినుకుమంది.’ నేను ఆగలేకపోయాను. “మీరు చూడలేదుగా మాస్టారూ?”

“ఆవిడ చూశారు,” అని కాగితం ప్రూఫక్కయ్యకే అందించారు. “అచ్చుతప్పులుంటే దిద్దండి.”

ఆయన రిటైరై చాలాకాలమైంది. ఇప్పటికీ సాయంత్రం ఏ వీధి మొదట్లోనైనా మసక వెలుతురు కనిపిస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. ఇది గ్లిమరేనా మాస్టారూ అని అడగాలనిపిస్తుంది. ఏమంటారో నాకు తెలుసు. “ఇంకోసారి చూసి రా.” చూస్తూనే ఉంటాను. ఇంటికి ఆలస్యమవుతుంది.