నికొలాసా పలక

సముద్రం ఒడ్డున మా బొకా వియెహా ఊళ్ళో, మరింబా అనే చెక్కపలకల వాద్యం వాయిస్తాడని సిల్వెరియోని అందరూ మరింబా ముసలాయన అంటారు గానీ, ఆయనకి తిండి పెట్టిన పని అది కాదు. దోనెలు చెక్కేవాడు. మడ అడవి అవతల చెట్టు కొట్టి, పోటు మీద తేల్చుకొచ్చి, ఇంటి కింద గుంజల మధ్య పెట్టుకుని తొలిచేవాడు. చుక్క నీరు ఎక్కకుండా ఇప్పటికీ తిరుగుతున్న దోనెల్లో సగం ఆయన చేతివే. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. బేరమాడటం కూడా రాదు. ఆ పని పెళ్ళాం చూసుకునేది.

ఆ పెళ్ళాం నికొలాసా. ఆవిడ నోటికి జడిసే మా రేవులో పీతలు పక్కకి నడుస్తాయని అనుకునేవాళ్ళం. మా పెద్దపిల్లకి బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది. అందుకని ఆవిడ నాకు కొమాద్రె, సిల్వెరియో కొంపాద్రె. మా దగ్గర ఆ చుట్టరికం తోడబుట్టిన దానికంటే ఒక మెట్టు ఎక్కువే. నా పేరు బెనిల్దా. మడ బురదలో నల్ల గవ్వలు ఏరి, కూరకి అమ్ముకుని బతికినదాన్ని. నాకు కోపమెక్కువంటారు. కోపం లేకపోతే ఆ దోమల్లో, ఆ బురదలో మోకాళ్ళ లోతున నిలబడి ఎవరు బతుకుతారు?

కార్మెన్ మాత పండక్కి మేము తల్లి విగ్రహాన్ని ఏటి ఎగువ నుంచి తెప్ప మీద దింపుతాం. తెప్ప చుట్టూ కొవ్వొత్తులు, ఒక వైపు డప్పులు, ఒక వైపు ఆడవాళ్ళు, నడుమ సిల్వెరియో మరింబా. నికొలాసా పాట ఎత్తుకునేది, నేను అందుకునేదాన్ని. మా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అంతే. ఎత్తుకునే గొంతు ఒకటి, అందుకునే గొంతు ఒకటి లేకపోతే మా పాట పాటే కాదు. మధ్యలో మాకు పోట్లాటలొచ్చి నెలల తరబడి మాటలు లేని రోజులున్నాయి. పండగనాడు మాత్రం ఆవిడ ఎత్తుకుంటే నేను అందుకోవలసిందే. పాట అయ్యాక మళ్ళీ మొహాలు తిప్పుకునేవాళ్ళం.

ఆ మరింబా తయారైన రోజులు నాకు బాగా గుర్తు. తాటి చెక్కలు పలకలుగా కోసి, కింద వెదురు గొట్టాలు వేలాడదీసి, ఇంటి వసారాలో దూలానికి కట్టాడు. స్వరం కుదర్చడానికి మా వాళ్ళకి యంత్రాలేవీ ఉండవు. ఇంట్లో పాడే మనిషి గొంతే కొలత. పలక అడుగున మధ్యలో గీకితే స్వరం దిగుతుంది, చివర గీకితే ఎక్కుతుంది. గీకింది మళ్ళీ అతుక్కోదు. కాబట్టి ఆయన కత్తి పట్టుకుని కూర్చుని, ఒక్కో పలకకీ వంటింట్లోంచి పెళ్ళాన్ని పిలిచేవాడు.

"ఒక్కసారి అనవే."

"చేప మాడిపోతోందయ్యా! నీ చెక్కముక్కకి నా పీక కావలసి వచ్చిందా?"

"ఒక్కసారే."

గరిటె చేత్తో పట్టుకుని వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని, ఒక్క కూత కూసి పోయేది. ఆయన గీకేవాడు, కొట్టేవాడు, మళ్ళీ పిలిచేవాడు. ఆ రోజుల్లో వాళ్ళింట్లో మాడని చేప తిన్న పాపాన పోలేదు ఎవరూ. కానీ పూర్తయ్యాక కొట్టి చూపిస్తే అందరం నోళ్ళు తెరిచాం. పలకలన్నీ నికొలాసాలాగే పలికాయి.

తర్వాత కొన్నేళ్ళకి, ఒక వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మా ఊరి నుంచి ఆసుపత్రికి పడవ మీద పోవాలి, సముద్రం వారం రోజులు పోనివ్వలేదు. అంతే. ఆ గొంతు పట్టి దాచిన పెట్టె ఏదీ మా ఊళ్ళో లేదు, అప్పటికి ఫోన్లు కూడా రాలేదు. మిగిలింది ఆ మరింబా ఒక్కటే.

ఆయన ఏడవలేదు. దోనెలు చెక్కడం మానలేదు. పండక్కి తెప్ప ఎక్కడం మానలేదు. పాట ఎత్తుకోవడానికి వేరే ఆడవాళ్ళొచ్చారు, పోయారు. ఎవరి గొంతూ ఆ పలకల మీద సరిగా కూర్చోలేదు, అయినా ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నేను కూర పంపితే తినేవాడు, గిన్నె కడిగి తిప్పి పంపేవాడు. మాటలాడదామని వసారాలో కూర్చుంటే రెండు మాటలకి మూడో మాట ఉండేది కాదు. మా రెండిళ్ళ మధ్య ఒక్క చెక్క వంతెనే అడ్డం. అయినా ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అనిపించేది.

ఈ మధ్య పండగ పెద్దరికం అనిసెతోకి వచ్చింది. మా బడి పంతులు కొడుకే. చెడ్డవాడు కాదు, హడావిడి మనిషి. కుర్రకారు పండక్కి రావట్లేదని పట్నం నుంచి పాట బృందాన్ని మాట్లాడాడు. ట్రంపెట్లు, కీబోర్డు, స్పీకర్లు. ఆ బృందం నాయకుడు యైసన్ అనే అబ్బాయి పండక్కి ముందే వచ్చి, సిల్వెరియో వసారాలో తన కీబోర్డు పెట్టుకుని కలిపి వాయించి చూశాడు. నేనూ అనిసెతో అక్కడే ఉన్నాం. నిజం చెప్పొద్దూ, పళ్ళు జివ్వుమన్నాయి. ఇసకన్నం నమిలినట్టుంది.

ఆ అబ్బాయి మంచివాడే. మరింబాని ఒక చేత్తో నిమిరి నెమ్మదిగా అన్నాడు. "గురువుగారూ, నా కీబోర్డు స్వరాన్ని మొత్తంగా పైకీ కిందకీ జరపగలను. కానీ మీ పలకలు ఒక్కోటి ఒక్కో దారిలో ఉన్నాయి. మా ట్రంపెట్లు కూడా ఉన్నాయి కదా, అవి మీ దారికి రావు. కొంచెం గీకితే..."

"గీకితే ఏంటి, గీకాల్సిందే!" అనిసెతో అడ్డొచ్చాడు. "బాబాయ్, చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తన్నాయి. తెప్ప మీద ఇలా కీచుమంటే మన పరువు ఏట్లో కలిసిపోద్ది. కుదరదంటావా, ఈ ఏడు నువ్వు ఒడ్డునే కూచో. నీ ఇష్టం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్ అనిసెతో! నీకు ఈత నేర్పిన మనిషితోనా ఆ మాట? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు సంబరానికి మోగింది కూడా ఈ మరింబాయేరా. అప్పుడు నీ ఏడుపు కంటే ఇదే నయంగా ఉంది!"

"నువ్వుండు అత్తా, ప్రతిదానికీ గవ్వల కత్తి తీసుకుని వచ్చేస్తావు."

సిల్వెరియో ఇద్దరినీ చూడలేదు. "ఆలోచిస్తాను" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను అక్కడే కూర్చున్నాను. "కొంపాద్రె, ఆలోచించడానికేముంది? ఒడ్డునే కూచో. నేను కూడా కూచుంటాను. పోనీ తెప్పని."

ఆయన మరింబా వాయించే కర్ర చివర చుట్టిన రబ్బరుని వేలితో నొక్కుతున్నాడు. "నికొలాసా కార్మెన్ తల్లికి మొక్కుకుంది. ఈ ఇంట్లో మరింబా ఉన్నన్నాళ్ళూ అది లేకుండా తల్లి విగ్రహం ఏరు దిగదని. నీకు తెలీదా?"

తెలుసు. మా పెద్దపిల్ల నా కడుపులో అడ్డం తిరిగినప్పుడు మొక్కిన మొక్కు అది. నా పిల్ల కోసం.

"గీకానా, నికొలాసా గొంతు పోద్ది. గీకలేదా, దాని మాట పోద్ది. ఏది పోగొట్టుకోమంటావు బెనిల్దా?"

అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది, లేచి వచ్చేశాను.

మర్నాటి నుంచి కత్తి చప్పుడు మొదలైంది. గరగర, తర్వాత ఒక దెబ్బ, మళ్ళీ గరగర. యైసన్ ఒక పాత ఫోన్లో తన కీబోర్డు స్వరాలు పెట్టి ఇచ్చి వెళ్ళాడట, వాటికి సరిపెడుతున్నాడు. వంతెన అవతల నుంచి అంతా వినబడేది. నేను కూర పంపడం మానేశాను. మొక్కు నా పిల్ల కోసమేనని తెలుసు, అయినా కోపం ఆయన మీదే వచ్చింది. ఇంకెవరి మీద తెచ్చుకోను?

పండగనాడు మధ్యాహ్నం పోటు నిండి తిరగగానే తెప్ప దిగింది. రేవు నిండా పడవలు. నేను తెప్ప మీద ఆడవాళ్ళలో నా చోట నిలబడ్డాను, మొక్కు నాది కూడా కదా. ఆయన వైపు చూడకూడదనుకున్నాను. స్పీకర్లలోంచి పాట వచ్చింది. బాగుంది. అదే నాకు మండింది. ట్రంపెట్లు, మరింబా, డప్పులు అన్నీ ఒక్కటై పోయాయి. ఎన్నాళ్ళుగానో పండక్కి మొహం చూపించని కుర్రాళ్ళు పడవల్లో గెంతుతున్నారు, పడవలు తలకిందులవుతాయని వాళ్ళ తల్లులు తిడుతున్నారు. అనిసెతో అయితే తల్లి విగ్రహం కంటే ఎక్కువ వెలిగిపోయాడు.

అప్పుడు చూశాను. పాటలో ఒకచోటికి వచ్చేసరికి సిల్వెరియో కర్ర పైకి లేచి, గాల్లో ఆగి, పలకని తాకకుండా పక్కదాని మీదకి పోతోంది. మళ్ళీ ఆ చోటు వచ్చింది. మళ్ళీ అంతే. యైసన్ ఒకసారి అటు చూసి, చిన్నగా నవ్వి, ఆ ఖాళీలో తన కీబోర్డు నొక్కాడు. తర్వాత పాట పొడుగునా వదలకుండా అలాగే పూడ్చాడు. "ముసలాయన మర్చిపోతున్నాడు పాపం" అని నా పక్కనున్న అమ్మాయి అంది. ఆ పలక ఏదో నాకు తెలుసు. నికొలాసా పాట ఎత్తుకునే మొదటి కూత అక్కడే ఉంటుంది.

మర్నాడు స్పీకర్లు పడవెక్కాయి. రేవు ఖాళీ అయిపోయింది, నీళ్ళ మీద కొవ్వొత్తి ముక్కలు, అరటాకులు తేలుతున్నాయి. నేను గవ్వలు కడుక్కుంటుంటే వంతెన మీద అడుగులు వినిపించాయి. ఆయనగా మా ఇంటికి రావడం ఎన్నడూ లేదు.

"కొమాద్రె, ఒకసారి వస్తావా?"

చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్ళాను. మరింబా దగ్గర నిలబెట్టాడు. వంగి చూస్తే పలకలన్నీ అడుగున తెల్లగా, కొత్తగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం నల్లగా, పొగచూరి, పాతదిగా ఉంది.

"ఇది ముట్టుకోలేదు. మరింబా లేకుండా తల్లి దిగలేదు. నికొలాసా గొంతూ పోలేదు. అలా అనుకున్నాను." ఆయన ఆ పలకని వేలితో తడిమాడు. "కానీ మిగతావన్నీ గీకీ గీకీ నా చెవి పాడైపోయింది బెనిల్దా. ఇప్పుడు దీన్ని కొడుతుంటే, ఇది దాని గొంతో కాదో తెలీట్లేదు. వానకి చెక్క ఉబ్బుద్ది, ఎండకి బిగుసుద్ది. ఇన్నేళ్ళలో ఇది జరిగిపోయిందేమో. నువ్వు అందుకున్నదానివి. నువ్వు చెప్పు, అదేనా?"

ఆ క్షణాన నికొలాసా గొంతు కోసం నాలో వెతుక్కుంటే అది లేదు. ఆవిడ తిట్లు గుర్తున్నాయి. గరిటె పట్టుకున్న చెయ్యి గుర్తుంది. గొంతు లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. అవునని అబద్ధం చెప్పేద్దామా అనుకున్నాను. ఆ మొహం చూస్తూ కాదని ఎలా అంటాను?

"కొట్టు" అన్నాను.

కొట్టాడు.

నేను ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "దారి ఇవ్వండి నీళ్ళారా, తల్లికి దారి ఇవ్వండి" అని అందుకున్నాను. ముసలి గొంతు, బొంగురు గొంతు. అయినా ఎక్కడా వెతుక్కోలేదు. ఎన్నాళ్ళుగానో నిలబడిన చోటే నిలబడింది. ఆ పలక నన్ను ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది.

"అదే" అన్నాను. "కొంపాద్రె, అదే! ఒట్టు, అదే!"

ఆయన నవ్వాడు. ఆవిడ పోయాక ఆ నవ్వు నేను చూడలేదు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకూ ఆగలేదు.

తర్వాత ఇద్దరం అలాగే నిలబడి ఉండిపోయాం. ఆయన కర్ర పైకెత్తి పట్టుకున్నాడు, నేను ఊపిరి తీసుకుని పట్టుకున్నాను. ఇంటి కిందకి పోటు నీళ్ళు వచ్చి గుంజలకి కొట్టుకుంటున్నాయి. దేనికోసం చూస్తున్నామో కాసేపటికి గానీ మా ఇద్దరికీ తెలియలేదు. రెండో చరణం నికొలాసా ఎత్తుకోవాలి.