నొప్పులు ఆగిన రెండు రోజులు

బళ్లు తెరిచే ముందు ఆ యూనిఫాంల దుకాణంలో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. ఏడు నెలల గర్భిణి అయినా ఆమె మాత్రం కుడుతూనే కబుర్లు చెప్పేది. అందుకే అందరికీ వసపిట్ట అయింది. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆమె నోరు మూతబడింది.

"ఏంటమ్మా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"నడుం లాగేస్తోంది మాస్టారూ."

పక్క మిషన్ మీద కుడుతున్న అత్తగారు తల తిప్పలేదు. "ఏడో నెలలో నడుం నొప్పి మామూలే. కాస్త నడు, పోతుంది."

కోడలు నాలుగడుగులు వేసి, వల్ల కాక గుడ్డల మూట మీద ఒరిగింది. పొట్ట బిగుసుకుంటోంది, వదులుతోంది, మళ్లీ బిగుసుకుంటోంది. మొదటి కడుపప్పుడూ ఇలాగే మొదలైతే పంటి బిగువున ఓర్చుకుంది. ఆ బిడ్డ దక్కలేదు. అత్తగారు అది మరచిపోలేదు. మరచిపోలేదు కాబట్టే ఇవి నొప్పులని ఒప్పుకోవడానికి ఆవిడకు భయం.

"అత్తయ్యా, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

అరచేతి కిందే పొట్ట రాయిలా గట్టిపడింది. అత్తగారు కోడలి రెక్క పట్టుకుంది.

"లే. ఆస్పత్రికి పద."

మాస్టరు బట్టల మూటలు దించేసి వ్యాను తీశాడు.

స్కాన్ చూసిన డాక్టరమ్మ, "ఇవి కాన్పు నొప్పులే. గర్భసంచి ముఖద్వారం కొంచెం తెరుచుకుంది" అంది.

"బిడ్డ?" అంది అత్తగారు.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. ఊపిరితిత్తులే ఇంకా తయారవలేదు. వాటికి బలం రావడానికి ఇంజెక్షన్ ఇస్తాం, రేపు ఇంకోటి. అవి పనిచేసేదాకా మందులతో నొప్పుల్ని ఆపాలని చూస్తాం."

"ఆగుతాయా?"

"రెండు రోజులు ఆగినా చాలు. త్వరగా వచ్చారు కాబట్టే ఆ మాట అనగలుగుతున్నా."

పొట్టకు కట్టిన పట్టీ నుంచి యంత్రం నొప్పుల గీత గీస్తోంది. గీత పైకి లేచినప్పుడల్లా అత్తగారు మంచం కమ్మీ పట్టుకునేది.

"నడవమన్నాను చూడూ, నా నోరు పడిపోను!"

"నాలుగడుగులేగా వేశాను. మీ మాట నేనెప్పుడు పూర్తిగా విన్నాను గనక?" అంది కోడలు, పెదవి కొరుక్కుంటూనే.

మర్నాటికి నొప్పులు ఆగి గీత చదునైంది. రెండో ఇంజెక్షనూ పడింది. మూడో రోజు ఉమ్మనీరు పోయింది. ఇక ఆపడానికి లేదు.

ఆడపిల్ల. పిడికెడంత ఉంది. క్షణం తర్వాత సన్నగా ఏడుపు వినిపించింది.

కొన్నాళ్లు ఆక్సిజన్ పెట్టారు. అది తీసేశాక నర్సు ఆ పిల్లను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టింది.

"ఊపిరి తీస్తోందా?" అత్తగారు అడిగిందే అడిగింది.

"తీస్తోంది పెద్దమ్మా. మీరే తీయడం లేదు" అంది నర్సు.

నెల దాటాక ముగ్గురూ మాస్టరు వ్యానులోనే ఇల్లు చేరారు.