నాయినమ్మ చెప్పులు ఇడిసిన నాటకం

అయిదో తరగతి దాంకనే చదివిన. ఇట్ల రాసుడు ఇదే మొదలు. రాత సక్కగ లేకుంటే ఏమనుకోకుండ్రి.

మొన్న తార్నాకల డప్పు సప్పుడు ఇంటే చిన్నప్పటి నాటకం యాదికొచ్చింది. అప్పుడు మేం యూనివర్సిటీ పక్కన మాణికేశ్వర్ నగర్ల ఉంటుంటిమి. యూనివర్సిటీ పిలగాండ్లు క్యాంపస్ రోడ్డు మీదనే డప్పు కొట్టుకుంట నాటకం ఆడుతుండిరి. నేను, మా నాయినమ్మ నిలవడి చూస్తుంటిమి. స్టేజీ లేదు, పర్దా లేదు. "దొరొస్తుండు!" అని ఒకడు అరిసిండు. తెల్లధోతి కట్టినాయన మీసం తిప్పుకుంట వచ్చిండు. మా నాయినమ్మ గభాలున చెప్పులు ఇడిసి చేతుల పట్టుకున్నది. ఎండకు రోడ్డు కాలుతున్నది. దేవుడొచ్చిండనుకొని నేను దండం పెట్టిన.

ఆయన ఆగిండు. డప్పు గూడ ఆగింది.

"అవ్వా, నేను దొరను కాదే, హాస్టల్ పిలగాన్ని. తొడుక్కో."

"దొర ముంగట తొడుక్కుంటే మా ఊర్ల కొడ్తుండిరి బిడ్డా."

ఆయన రోడ్డు మీదనే కూసొని, చెప్పులు తీస్కొని ఆమె కాళ్లకు తొడిగిండు. దేవుడే మా నాయినమ్మ కాళ్లు పట్టిండని నేను నోరు తెరిచి చూసిన. ఆమె చెప్పులు ఇడిసింది భక్తితోని కాదు, భయంతోనని పెద్దగైనంక సమజైంది.

నాయినమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకొని, "ఇగ ఆడు కొడుకా, చూస్త" అన్నది. చెప్పులేసుకొనే దొర ముంగట నిలవడ్డది.

నాకొచ్చినట్టు రాసిన. తప్పులుంటే మాఫ్ చెయ్యుండ్రి.