సున్నం లారీకి ఎనిమిది గంటలు

2023 వానాకాలం. పిడుగురాళ్లలో ఒక సున్నం కంపెనీకి ఐటీ పాలసీలు రాసే పని ఒప్పుకున్నాను. కంప్యూటర్ ఆగితే ఎవరికి చెప్పాలి, వాళ్లు ఎంతసేపట్లో బాగుచెయ్యాలి, అందాకా మిగతావాళ్లు ఏం చెయ్యాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టడమే నా వృత్తి. నరసరావుపేటలో మా వీధివాళ్లు దీన్ని ఉద్యోగమంటే ఇప్పటికీ నమ్మరు.

నన్ను పిలిపించడానికి కారణం రమణమ్మక్క. లారీలు తూచే కాటా దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తా. ముందు వారం సర్వర్ లింక్ తెగి గేట్ పాసులు రావడం ఆగిపోయింది. ఆమె హైదరాబాద్‌లో కంప్యూటర్ ఫిర్యాదులు తీసుకునే సర్వీస్ డెస్క్‌కి ఫోన్ చేస్తే, వాళ్లు దాన్ని పీ-త్రీ కింద వేశారు. అంటే మూడో ప్రాధాన్యం, ఎనిమిది గంటల్లో చూస్తారు. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. అక్క కాటా మీద కనబడే బరువులు నోటుపుస్తకంలో రాసుకుని, డ్రైవర్ల చేత సంతకాలు పెట్టించి, నిలబడ్డ లారీలన్నిటినీ పంపేసింది. సిస్టమ్‌ను తప్పించి సరుకు పంపిందని మెమో ఇచ్చారు. ఉద్యోగం ఊడేట్టుంది.

ఇక నా ఘనకార్యం చూడండి. సిస్టమ్ లేనప్పుడు ఏ లారీ గేటు దాటకూడదని మొదటి డ్రాఫ్ట్‌లోనే రాసి పారేశాను. నిజానికి అంతకుముందు ఇంకో కంపెనీకి రాసిందే, పేరు మార్చానంతే. దాన్ని తీసుకెళ్లి అక్కకు వినిపించాను.

"సదువుకున్నదానివి అమ్మాయ్. బట్టీలోనుంచి వచ్చిన సున్నం ఎప్పుడన్నా చూశావా?"

"గోడలకు వేస్తారుగా అక్కా!"

ఆమె బట్టీలో కాలిన సున్నపురాయి ఒకటి స్టీలు గిన్నెలో వేసి, చెంబుతో నీళ్లు పోసి, నన్ను వెనక్కి లాగింది. కాసేపటికి అది బుసబుసమంటూ ఉడికి పొగలు కక్కింది.

"ఇప్పుడు దీన్ని ఎనిమిది గంటలు ఆగమని చెప్పు" అంది. "పెద్దవాన రాకముందే బయలుదేరితే దించే షెడ్డు చేరతయ్. ఇక్కడే నిలబడితే బరకం పట్టా కప్పినా ఏదో మూల కారుద్ది. లోడంతా ఇట్టా ఉడికితే లారీ చెక్కలు కాలతయ్. డ్రైవరు బండిలోనే ఉంటాడు. వాడికేమన్నా అయితే ఎవరికి మెమో ఇస్తారంట?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం వీడియో మీటింగ్‌లో నేను వాన మాట ఎత్తితే కంపెనీ ఐటీ మేనేజర్, "వాన సంగతి పాలసీలో ఎవరైనా రాస్తారా మేడమ్?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ కాటా గదికి పట్టుకెళ్లి, "అక్కా, ఇంకో రాయి వెయ్యి" అన్నాను.

గిన్నె ఉడికి పొగలు కక్కడం ఆయన తెర మీద చూశాడు. తర్వాత, "బరువులు సరిగ్గా రాశారని నమ్మకమేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అక్క ఫోన్ తీసి, ప్రతి లారీకీ కాటా అంకెతో సహా తీసిన ఫొటోలు చూపించింది. "ఎవరూ అడగలా సారూ" అంది.

మర్నాడు మెమో వెనక్కి తీసుకున్నారు. వాన సూచన ఉంటే కాటా ఫిర్యాదుకే మొదటి ప్రాధాన్యమని, లింక్ లేకపోతే నోటుపుస్తకం, సంతకం, ఫొటోతో లారీని పంపాలని పాలసీలో చేర్చాం. పాలసీ మీద సంతకం పెట్టేవాళ్లు ఒకరు, దాన్ని మొయ్యాల్సినవాళ్లు ఇంకొకరు. అప్పటినుంచి ముందు మోసేవాళ్లకే చదివి వినిపిస్తున్నాను. ఆ బుద్ధి నేర్పింది రమణమ్మక్కే. ఆమె అంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

ఖరారైన కాగితం ఆమెకు తెలుగులో చదివాను. చివరిదాకా విని, "అయితే నేను చేసింది తప్పు కాదని రాశారన్నమాట" అంది.

"తప్పు కాదని కాదక్కా. ఇకమీదట అందరూ అట్లాగే చెయ్యాలని రాశాం."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఏదీ, ఆ ముక్క ఇంకోసారి సదువు."