చిలకముక్కు పూల పార్కుల తంగేడు లేదు

మా ఊరి గుట్టకు చుట్టూ గోడ కట్టి, నేచర్ పార్కు అని బోర్డు పెట్టిండ్రు మందుల కంపెనీలోళ్లు. గుట్టేమో మాది, టికెట్టేమో వాళ్లది! బతుకమ్మకు తంగేడు పువ్వు తెచ్చుకునేది మేము ఆ గుట్ట మీదనే. సద్దుల నాడు, అంటే పండుగ ఆఖరి రోజు, మా అమ్మ పొద్దుగాల్నే గంప పట్టుకొని పోతుండె. పార్కు తెరిచిన ఏడు కూడా ఇద్దరం పోయినం.

లోపలికి పోతే గుట్ట రూపే లేదు. అన్నీ ఎన్నడు చూడని పూలు. ఒకటేమో ఎర్రటి చిలకముక్కులు దండ గుచ్చినట్టు కిందికి ఏలాడుతున్నది. ఇంకోటి ఆకు లేదు, కొమ్మ లేదు, భూమిలకెల్లి కాగడా లెక్క లేచింది. మరోటైతే అచ్చం జుట్టు లేపిన పిట్టనే. పేర్లన్నీ ఇంగ్లీషుల రాసిండ్రు. మా అమ్మ నోరు తెరిచి చూసింది. "ఎంత ముద్దుగున్నయే! ఏ దేశానివో పాపం, గింత దూరమొచ్చినయి" అన్నది. నాకూ ముద్దుగనే కనిపించినయి. పూల మీద నాకేం కోపం?

కోపమొచ్చింది తంగేడు అడిగినప్పుడు. పార్కు చూసుకునే సారు నవ్విండు. "అవి పిచ్చిచెట్లమ్మా, జేసీబీ పెట్టి పీకించినం."

పిచ్చిచెట్లట! ఎవ్వరు నీళ్లు పోయకున్నా పచ్చగ పూసేది పిచ్చిచెట్టా? మా బోర్లల్ల వాళ్ల కంపెనీ మందు వాసన నీళ్లు, ఆ పూలకేమో ట్యాంకర్ల మంచినీళ్లు. తల్లికి కూడు పెట్టనోడు పినతల్లికి పట్టుచీర పెట్టిండట, గట్లున్నది వీళ్ల కథ. నా ఒళ్లు మండింది. పెద్ద లొల్లే పెట్టిన. సారు మెల్లగ, "సాయంత్రం ఇక్కడనే బతుకమ్మ ఆడిపిస్తున్నం, పెద్ద సార్లొస్తున్నరు, మీరు కూడా రండ్రి" అన్నడు.

ఇంటికొచ్చి అమ్మ గునుగు, బంతి పూలతోనే బతుకమ్మను పేర్చింది. బతుకమ్మల అడుగు వరుస తంగేడే ఉండాలె. అది లేకుంటే అమ్మ లెక్కల అది బతుకమ్మనే కాదు. "గౌరమ్మకు ఏం మొఖం చూపియ్యాలె" అనుకుంట కళ్లు తుడుసుకున్నది. అయినా ఊరంత అక్కడనే ఆడుతున్నరని పోయినం.

పోయి చూస్తే ఏమున్నది? స్టేజీ గుంజలకు నిండ తంగేడు పూలు! నారాయణఖేడ్ దిక్కుకెల్లి ట్రాలీల తెప్పిచ్చిండ్రట, ఫోటోలల్ల మంచిగ పడాలెనని. అమ్మ బతుకమ్మ తాంబాళం కింద పెట్టి, సక్కగ పోయి ఆ పూలు పీకుడు మొదలుపెట్టింది.

"అమ్మా, అమ్మా, అది డెకరేషన్!" అని సారు ఉరికొచ్చిండు.

"డెకరేషనా? మేము మొక్కే పువ్వును నువ్వే పెరికి పారేస్తివి, ఇప్పుడు తెచ్చి కట్టెకు కడ్తివా? సిగ్గనిపిస్తలేదా బిడ్డా?"

మిగిలిన ఆడోళ్లు కూడా వచ్చిండ్రు. చూస్తుండంగనే గుంజలు బోసిపోయినయి. అప్పుడే కార్లు దిగిన పెద్ద సార్లు ఏం సమజ్ గాక నిలబడ్డరు. ఇగ పాట అందుకోండ్రి అని మైకుల ఒకటే తొందర. మా అమ్మేమో పేర్చిన బతుకమ్మను మొత్తం విప్పి, మట్టిలనే కూసున్నది.

"జెర ఆగుండ్రి సారూ. అడుగుకెల్లి పేర్చాలె."